సరదా వినియోగ ధ్రువపత్రం

అచ్చియ్యమ్మ చెప్పిందని మా ఆవిడ చెప్పింది. ధనకోటి మేస్త్రి ఇంటి ముందు లారీ దింపి వెళ్ళింది కారు కాదట. అమెరికా వాళ్ళు వాడి పారేసిన పడవట. చక్రాలు తరవాత తగిలించారట. దాని ముక్కు ఎంత పొడుగంటే, ముక్కు వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాక గానీ నడిపే మనిషి మలుపు దగ్గరికి రాడట. స్టీరింగు చూడబోతే ఎడమ పక్కనుందట. బిగించినవాడు తాగి ఉంటాడని అచ్చియ్యమ్మ అభిప్రాయం.

"ఇంతకీ అచ్చియ్యమ్మ చూసిందా?" అన్నాను.

"లేదంట. టార్పాలిన్ కప్పేశారంట. పాలమనిషి చూసి చెప్పిందంట."

అచ్చియ్యమ్మ ఇల్లు మేస్త్రి ఇంటికి గోడ అవతలే. చూడకుండానే ఇంత చెప్పిన మనిషి చూశాక ఏం చెబుతుందో అని, ఆమె కన్నా ముందు నేనే చూడాలని చెప్పులేసుకుని బయల్దేరాను.

అది కారే. ధనకోటి పాత జనరేటరు కొనడానికి మద్రాసు వెళ్ళి, మూతపడ్డ ఒక సినిమా స్టూడియో గోదాములో దాన్ని చూశాడు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిది మోడలు. ఎనిమిది సిలిండర్లు, రెండే తలుపులు. అమెరికాలో కుర్రకారు పందేలకి వాడే రకం. ఒకప్పుడు విలన్లు పారిపోవడానికి వాడారు, తరవాత కోళ్ళు గుడ్లు పెట్టడానికి వాడాయి. ధనకోటి జనరేటరు మాట మర్చిపోయి దాన్ని తెచ్చాడు.

ఎనిమిది నెలలు షెడ్డులో దాని కింద పడుకున్నాడు. మా లంకల్లో ఏరు దాటించే పంటు ఇంజన్ల దగ్గర్నుంచి చెరువు మోటార్ల దాకా ముప్పై అయిదేళ్ళు బాగుచేసిన చెయ్యి అది. మీటరు సున్నాకి తెచ్చి, నిమ్మపండు రంగు వేసి, ముక్కు మీద రెండు నల్ల పట్టీలు దింపి, ఒక ఏప్రిల్ పొద్దున తాళం తిప్పాడు. ఆ శబ్దానికి అచ్చియ్యమ్మ పెరట్లో ఇంకో నెలకి గానీ రాలనక్కర్లేని కొబ్బరికాయ ఆ పూటే రాలింది.

ఊరంతా చుట్టూ చేరింది.

"ఎన్ని కాయలు పడతాయి మేస్త్రీ?" అన్నాడొకడు.

"కాయలు పట్టవు."

"డిక్కీలో?"

"స్టెపినీ ఉంది."

"పెళ్ళిళ్ళకి తిప్పుతావా?"

"ఎనక సీట్లో పెళ్ళికూతురు కూచుంటే మల్లా దిగలేదు."

"మరెందుకయ్యా ఇది?"

"సరదాకి," అన్నాడు ధనకోటి.

అడిగినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఏదో జబ్బు పేరు చెప్పినట్టు, కాస్త జాలిగా, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

ధనకోటికి ఒక అలవాటుంది. బాగుచేయడానికి వచ్చిన ప్రతి ఇంజనుకీ అట్టముక్క మీద ఉన్నది ఉన్నట్టు రాసి, తీగతో కట్టి వేలాడదీస్తాడు. 'వాల్వు పోయింది. ఓనరు చెప్పినట్టు ప్లగ్గు కాదు.' 'దీనికే జబ్బూ లేదు. ఆయిలు పొయ్యండి.' 'ఇది బాగవదు. చెప్పినా వినలేదు.' ఆ చీటీల వల్ల బేరాలు పోయాయి, చుట్టరికాలు పోయాయి. అలవాటు పోలేదు.

షెడ్డులో గోడ మేకుకి ఇరవై రెండేళ్ళుగా ఒక చీటీ వేలాడుతూ ఉంటుంది. దాని కింద ఇంజను లేదు. 'వరహాలమ్మ. ఏ పనీ లేకుండా ఒకసారి తిప్పాలి.'

వరహాలమ్మ ఆయన భార్య. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ ఆయన సైకిలెక్కినా, మోటారు సైకిలెక్కినా, ఒళ్ళో బియ్యం మూటో చేతిలో ఆస్పత్రి చీటీయో లేకుండా ఎక్కింది లేదు. ఎవరో పోయారని వెళ్ళడం, ఎవరికో పురుడొచ్చిందని వెళ్ళడం. ఇరవై రెండేళ్ళ కింద ఒక చావు నుంచి తిరిగొస్తూ, "ఏ పనీ లేకుండా ఓసారి సముద్రం దాకా తిప్పవయ్యా, ఊరికే," అంది. ధనకోటి ఇంటికొచ్చి చీటీ రాసి మేకుకి తగిలించాడు. పని అప్పగించారంటే ఆయనకి అంతే.

ఇప్పుడు బండి తయారైంది. సముద్రం మా ఊరికి పద్దెనిమిది మైళ్ళు. మిగిలింది ఒక్కటే, బండి ఆయన పేరు మీదికి రావడం.

ఫారాలు నింపడంలో సాయానికి నన్ను తీసుకెళ్ళాడు. నేను బి.ఏ. చదివి కొబ్బరికాయలమ్ముకునేవాణ్ణి. సర్కారు తెలుగుని ఊళ్ళో తెలుగులోకి మార్చడానికి మా ఊళ్ళో అందరూ నా దగ్గరికే వస్తారు. తీరా పట్నంలో రవాణా ఆఫీసుకి వెళ్ళేసరికి ఫారం ఆయనే నింపేసి ఉన్నాడు.

సీనియర్ అసిస్టెంటు రత్నకుమారిగారు ఫారాన్ని వేలితో చదువుకుంటూ వచ్చి పదకొండో గడి దగ్గర ఆగారు.

"ఇదేంటండీ? 'వాహనం ఉపయోగం' అన్నచోట 'సరదా' అని రాశారు?"

"ఆయ్. సరదాకేనండి."

"అలా రాయకూడదండి. సొంత అవసరం అని రాయండి."

"అవసరం లేదు కదండి."

"పోనీ వ్యాపారం?"

"లేదండి."

"వ్యవసాయం?"

"దాంతో దున్నితే చేను ఏడుత్తదండి."

"అబ్బ! అందరూ సొంత అవసరం అనే రాస్తారు కదండీ!"

"ఆళ్ళకి ఉంటదేమోనండి," అన్నాడు ధనకోటి.

ఆ పూట రత్నకుమారిగారు ఆ గడిలో అడ్డంగా గీత గీసి తనే రాసేసి ఉంటే ఈ కథ లేదు. ఆవిడ నిబంధనల మనిషి కావడంతో ఫారం పట్టుకుని లోపలికి, అధికారి త్రిపురాంతకంగారి దగ్గరికి వెళ్ళారు. రెండు నిమిషాల్లో మమ్మల్ని లోపలికి పిలిచారు. పిలవడమే కాదు, కూర్చోమన్నారు. ఆ ఆఫీసులో కుర్చీలో కూర్చున్న మొదటి దరఖాస్తుదారులం మేమేనని తరవాత బంట్రోతు చెప్పాడు.

విషయమేమిటంటే, కిందటేడాది ప్రభుత్వానికి ప్రజల ఆనందం మీద ఆసక్తి కలిగింది. ప్రతి ఆఫీసూ మూడు నెలలకోసారి 'ఆనంద సూచిక' పంపాలి. అందులో ఒకటే గడి. 'ఈ కార్యాలయం ద్వారా ఆనందం పొందిన పౌరుల సంఖ్య.' త్రిపురాంతకంగారు మూడు విడతలు ఖాళీగా పంపారు. బయటికి వెళ్ళేటప్పుడు కొందరు పౌరులు ఆనందంగా కనిపిస్తున్నారనీ, వారిని లెక్కలోకి తీసుకోవచ్చా అనీ పైకి రాశారు. జవాబు రాలేదు. సూచిక ఏదని గుర్తుచేస్తూ మెమోలు మాత్రం వచ్చాయి. ఆఖరి మెమోలో ఎర్ర సిరా కూడా ఉంది.

"మేస్త్రిగారూ," అన్నారు త్రిపురాంతకంగారు, ఫారాన్ని రెండు చేతులతో పట్టుకుని. "మీరు సామాన్య దరఖాస్తుదారు కారు. మీరొక నమూనా. మన పరిధిలో సరదాను లిఖితపూర్వకంగా ప్రకటించిన ప్రప్రథమ పౌరులు!"

"ఆయ్. నంబరు ఎప్పుడిత్తారండి?"

"నంబరు చిన్న విషయం. ముందుగా మీ సరదా వాస్తవమేనా అన్నది క్షేత్రస్థాయిలో నిర్ధారణ కావాలి. నిర్ధారణ కాని ఆనందాన్ని సూచికలో చేర్చితే రేపు ఆడిట్‌లో నేను సమాధానం చెప్పుకోవాలి. అందాకా తాత్కాలిక నంబరు మీద, పరిశీలన నిమిత్తం మాత్రమే, వాహనం నడపవచ్చు."

తిరుగు బస్సులో ధనకోటి నన్నడిగాడు. "ఏటన్నారండి ఇంతకీ?"

"నువ్వు సరదా పడుతున్నావో లేదో చూడ్డానికి వస్తారట."

"ఓస్, అంతేగా," అన్నాడు.

రవాణా ఆఫీసు నుంచి బ్రేకిన్‌స్పెక్టరు ప్రభుదాసుగారు గురువారం పొద్దున్నే దిగారు. చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పులో 'సరదా నిర్ధారణ పత్రం'. కాగితానికొకటి చొప్పున నలభై ప్రశ్నలు. అప్పటికే వరహాలమ్మ వెంకటగిరి చీర కట్టుకుని, తల్లో మల్లెపూలు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో సంచీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, తమరు?" అన్నారు ప్రభుదాసుగారు.

"నా ఇంటిదండి. దాని కోసమేనండి బండి," అన్నాడు ధనకోటి.

"అంటే లబ్ధిదారు. లబ్ధిదారులు ఇప్పుడే ఎక్కకూడదమ్మా. సరదాను సహజస్థితిలో కొలవాలి. మీరు ముందే ఎక్కితే అందులో కొంత వాడేసినట్టవుతుంది, కొలత తప్పుతుంది."

"కొలిచాక ఎక్కొచ్చా బాబూ?"

"నిరభ్యంతరంగా."

వరహాలమ్మ మళ్ళీ అరుగు మీద కూర్చుంది. ప్రభుదాసుగారు ముందు సీట్లో, సాక్షిగా నేను వెనక సీట్లో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని.

కాలవ గట్టు రోడ్డు ఎక్కాం. ఇన్‌స్పెక్టరుగారు మొదటి ప్రశ్న చదివారు. "సరదా ఏ వేగం వద్ద ప్రారంభమైనది?"

"ఇంకా మొదలెట్టలేదండి," అని ధనకోటి కాలు నొక్కాడు.

బండి ముందరి భాగం పైకి లేచింది. నా వీపు సీట్లోకి దిగిపోయింది. ప్రశ్నల కాగితాలు ముప్పై తొమ్మిదీ కిటికీలోంచి ఒకదాని వెనక ఒకటి వెళ్ళి కాలవలో పడ్డాయి. కొబ్బరిచెట్లు చెట్లలా కాక దడిలా కనబడ్డాయి. ప్రభుదాసుగారు "ఓర్నాయనో!" అని ఒక కేక పెట్టి, కాలవ లాకుల దగ్గర బండి ఆగేదాకా ఆ కేకని ఆపలేదు.

బండి దిగాక జుట్టు సర్దుకుని, పెన్ను తీసి ఎంతసేపో ఆలోచించారు. ఆయన నివేదిక నకలు నా దగ్గరుంది.

'వాహనము గంటకు ఎనభై దాటిన పిదప పరిశీలకుని నోటి వెంట ఒక ధ్వని వెలువడినది. సదరు ధ్వని సరదా వలన కలిగినదా, భయము వలన కలిగినదా అను అంశము ఒక్క పరిశీలనలో తేలనందున, పునఃపరిశీలనకు సిఫారసు చేయడమైనది.'

పునఃపరిశీలన మరుసటి వారమే జరిగింది. ధ్వని మళ్ళీ వెలువడింది. ఈసారి చివర్లో నవ్వు కూడా ఉందని నేను సాక్ష్యం చెప్పాను. కానీ ఒక్క మగమనిషి నవ్వు మీద ఆధారపడి ఉత్తర్వులివ్వడం కుదరదని, మహిళా దృక్కోణం కోసం రత్నకుమారిగారు వచ్చారు. ఆవిడ లాకుల దాకా వెళ్ళి, 'సరదా ఉన్నది గాని, అది కారుదా గాలిదా అన్న సందేహము కలదు' అని రాశారు. గాలిని మినహాయించడానికి అద్దాలు ఎత్తి మళ్ళీ వెళ్ళారు. ఆ తరవాత త్రిపురాంతకంగారే స్వయంగా వచ్చారు. ఆ తరవాత 'కుటుంబ సరదా' అంశం కింద వారి శ్రీమతిగారూ అత్తగారూ వచ్చారు. అత్తగారు వెనక సీట్లోంచి దిగడానికి పట్టిన ఇరవై నిమిషాలూ సరదా కిందికి వస్తాయా రావా అని ఒక చర్చ జరిగింది. జిల్లా నుంచి గణాంకాధికారి వచ్చి, సరదా సముద్రతీరంలో పెరుగుతుందా తగ్గుతుందా చూడాలన్నాడు. సముద్రం దాకా వెళ్ళారు. రొయ్యల ఇగురుతో భోజనం చేసి వచ్చి, 'పెరిగినది' అని రాశారు.

వాళ్ళు ఎక్కినప్పుడల్లా ధనకోటి అడుగుతూనే ఉన్నాడు. "మా ఆడమనిషిని ఓసారి ఎక్కించుకోమంటారాండి?"

"ఫైలు ముగింపు దశలో ఉండగా తొందరపడకండి," అనేవారు.

మొదటి గురువారం వెంకటగిరి చీర, మల్లెపూలు. రెండోసారి పూలు లేవు. మూడోసారి నేత చీర. సముద్రం దాకా వెళ్ళిన రోజు వరహాలమ్మ ఇంటి చీర కొంగు నడుముకి దోపుకుని వాకిలి ఊడుస్తోంది. బండి దుమ్ము లేపుకుంటూ ముందు నుంచి వెళ్ళింది. ఆవిడ ఆ దుమ్ము కూడా ఊడ్చింది.

"ఏటమ్మా, నిన్ను తిప్పడానికే గదా కొన్నాడు?" అంది అచ్చియ్యమ్మ గోడ మీంచి.

"కొలుత్తున్నారంట," అంది వరహాలమ్మ.

"ఎంత దాకా కొలిచారంట?"

"నాకేటి తెల్సు, నా దాకా రాలేదు."

ఇలా ఉండగా అచ్చియ్యమ్మ మునక్కాయలు కోస్తూ నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆటోలు పెళ్ళికి వెళ్ళిపోయాయి. నూట ఎనిమిది బండి వంతెన అవతల ఇరుక్కుంది. ధనకోటి ఇంకేం ఆలోచించలేదు. ముందు సీట్లో అచ్చియ్యమ్మ, వెనక ఆమె కోడలు, దుప్పటి, ఫ్లాస్కు. ఆ ఫ్లాస్కులో కాఫీ పోసి కిటికీలోంచి అందించింది వరహాలమ్మే. పన్నెండు నిమిషాల్లో ఆస్పత్రి గుమ్మంలో దింపాడు.

నాలుగో రోజుకి నోటీసొచ్చింది. చదివి వినిపించమని ధనకోటి నా దగ్గరికి తెచ్చాడు.

'సరదా నిమిత్తము పరిశీలనలో ఉన్న వాహనమును తమరు ది. 14న ప్రయోజనకరముగా వినియోగించినట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. సదరు చర్య వాహనము యొక్క సరదా స్వభావమునకు భంగకరము. తమ దరఖాస్తును ఏల తిరస్కరించరాదో ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను.'

"ప్రయోజనం అంటే?" అన్నాడు ధనకోటి.

"పనికొచ్చేలా వాడావు. అదీ నేరం."

"ఆవిడ చెయ్యి ఏలాడిపోతందండి మరి!"

"చెయ్యి సంగతి ఇందులో లేదు."

ధనకోటి తిరిగి తన షెడ్డులోకి వెళ్ళి మేకుకున్న చీటీ వైపు చూస్తూ నిలబడ్డాడు. దరఖాస్తు పోతే ఆ బండి షెడ్డు దాటదు. ఇరవై రెండేళ్ళు ఆగిన చీటీ ఇక అక్కడే ఉంటుంది.

విచారణకి అచ్చియ్యమ్మని సిమెంటు కట్టుతో సహా హాజరు పరిచాం. త్రిపురాంతకంగారు గంభీరంగా అడిగారు.

"ప్రయాణ సమయంలో తమరు బాధలో ఉన్నారా, సరదాలో ఉన్నారా? ఆలోచించి చెప్పండి. దీని మీద ఒక వాహనం భవిష్యత్తు ఆధారపడి ఉంది."

అచ్చియ్యమ్మకి జీవితంలో మొదటిసారి ఎవరో మాట్లాడమని అడిగి, పెన్ను పట్టుకుని రాసుకుంటున్నారు. ఆవిడ కుర్చీలో సర్దుక్కూర్చుంది.

"బాధ లాకుల దాకా ఉందండి. అక్కడ ఈ మేస్త్రి కాలు నొక్కాడండి. ఆ బాధ ఎటు పోయిందో తెలీదండి బాబూ! బస్సుని దాటేశాం, కలక్టరు జీపుని దాటేశాం. ఆ జీపులో డ్రైవరు మా ఒంక చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోనండి. ఆస్పత్రి కాడ దిగమంటే ఇంకో రౌండు తిప్పమన్నానండి. ఇన్లేదు. రెండో చెయ్యి ఇరిగినా ఈ బండే కావాలండి నాకు."

త్రిపురాంతకంగారి కళ్ళు చెమర్చాయి. "రాసుకోండి, రత్నకుమారిగారూ! విరిగిన ఎముకతో కూడా సరదా! ఇంతకన్నా బలమైన సాక్ష్యం రాష్ట్రంలోనే ఉండదు!"

సంజాయిషీ ఆమోదం పొందింది. ఒక షరతు మాత్రం పెట్టారు. ఆస్పత్రి దాకా ప్రయాణం సరదా కిందికీ, ఆస్పత్రి దగ్గర దింపడం ప్రయోజనం కిందికీ వస్తాయి కాబట్టి, ఇకముందు ఇటువంటి సందర్భాలలో ఆస్పత్రి వద్ద ఆగకుండా ముందుకు సాగిపోవలెను.

శ్రావణమాసంలో ఉత్తర్వులొచ్చాయి. ఊరికే పంపలేదు. బడి ఆవరణలో షామియానా వేసి, మైకు పెట్టి, 'ప్రథమ సరదా వాహన ప్రదానోత్సవం' అని బ్యానరు కట్టారు. నిమ్మపండు కారు మధ్యలో, బానెట్టు మీద బంతిపూల దండతో ఉంది. ఆ పొద్దున ధనకోటి మేకు మీది చీటీ తీసి చొక్కా జేబులో పెట్టుకోవడం నేను చూశాను. వరహాలమ్మ మళ్ళీ వెంకటగిరి చీర కట్టింది. మళ్ళీ మల్లెపూలు పెట్టింది. మొదటి వరసలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

త్రిపురాంతకంగారు ముప్పావుగంట మాట్లాడారు. ఆనందం అనేది ఇంతకాలం అసంఘటిత రంగంలో ఉండిపోయిందనీ, దాన్ని క్రమబద్ధీకరించిన ఘనత ఈ కార్యాలయానికి దక్కిందనీ అన్నారు. తరవాత రత్నకుమారిగారు ఉత్తర్వులు చదివారు. మూడో షరతు దగ్గర ధనకోటి తల ఎత్తాడు.

"'సదరు వాహనమునకు ఒక ఆర్థిక సంవత్సరములో రెండు వందల కిలోమీటర్ల సరదా మాత్రమే మంజూరు చేయడమైనది. అంతకు మించినచో అది సరదాగా గాక అలవాటుగా పరిగణింపబడును. పరిశీలన నిమిత్తము జరిగిన ప్రయాణములు కూడ ఇందులో కలిసియుండును.'"

"ఇప్పటికి ఎంత అయిందో చూడండి," అన్నారు త్రిపురాంతకంగారు.

ప్రభుదాసుగారు కిటికీలోంచి తల దూర్చి మీటరు చూశారు. "నూట ఇరవై ఆరు సార్!"

"అయితే మిగులు డెబ్భై నాలుగు! అమ్మా, తమరు నిరభ్యంతరంగా తిరగవచ్చు. సముద్రానికి వెళ్ళి రావచ్చు కూడా!"

జనం చప్పట్లు కొట్టారు. అచ్చియ్యమ్మ కట్టున్న చేతిని మంచి చేత్తో కొట్టింది. వరహాలమ్మ లేచింది. కుచ్చెళ్ళు సర్దుకుంది. ధనకోటి గబగబా కారు దగ్గరికి నడిచి, ఎడమ చేత్తో దండ పక్కకి జరిపి, కుడి చెయ్యి తలుపు పిడి మీద వేశాడు.

వేసి, ఆగిపోయాడు.

నాకు అర్థమైంది. నోరు మూసుకోమని సైగ చేశాను. కళ్ళతో బతిమాలాను. ముప్పై అయిదేళ్ళు ఇంజన్లకి చీటీలు కట్టిన మనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్పకుండా ఏ బండీ షెడ్డు దాటించనివాడు.

"అయ్యి కిలోమీటర్లు కాదండి," అన్నాడు. "అమెరికా మీటరండి. మైళ్ళు."

రత్నకుమారిగారు ఫోను తీసి గుణించారు. మళ్ళీ గుణించారు.

"రెండు వందల రెండుంముప్పావు దాకా వస్తోంది సార్."

త్రిపురాంతకంగారి మొహం ముందు వాడింది. అంతలోనే మెరిసింది. "అంటే మంజూరైన సరదా నూటికి నూరు శాతం వినియోగమైంది! పైగా రెండు కిలోమీటర్లు అధికంగా! మేస్త్రిగారూ, మీ నిజాయితీ ప్రశంసనీయం. ఆ అధిక సరదాను వచ్చే ఏడాదిలో సర్దుబాటు చేస్తాం."

"వచ్చే ఏడంటే ఎప్పుడండి?"

"ఏప్రిల్."

ధనకోటి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. జేబులోంచి చీటీ తీసి చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. రెండో చెయ్యి పిడి మీదే ఉంది. వరహాలమ్మ లేచిన చోటే నిలబడి ఉంది. కూర్చోమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇంక ఒక్క లాంఛనం," అన్నారు త్రిపురాంతకంగారు హుషారుగా, ఒక కాగితం తీసుకుని వేదిక దిగి ఆమె దగ్గరికి వస్తూ. వెనకే మైకు మోసుకుంటూ ప్రభుదాసుగారు. "వినియోగ ధ్రువపత్రం. లబ్ధిదారు సంతకం ఉంటేనే ఆనంద సూచిక పైకి వెళుతుంది. సంఖ్య ఒకటి అని రాసేశాం కూడా. ఇక్కడ పెట్టండమ్మా."

"ఏం రాశారు బాబూ అందులో?"

ఆయన మైకులోకే చదివారు. "'పైన తెలిపిన వాహనము ద్వారా నాకు మంజూరైన రెండు వందల కిలోమీటర్ల సరదాను నేను సంపూర్ణముగా అనుభవించితిననియు, ఈ విషయమై నాకు ఇక ఎట్టి కోరికయు లేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.'"

పెన్ను మూత తీసి ఇచ్చారు. వరహాలమ్మ అందుకుంది. కాగితం వైపు చూసింది. కారు వైపు చూసింది. ప్రభుదాసుగారి వైపు, రత్నకుమారిగారి వైపు, మొదటి వరసలో కుర్చీలేసుకుని కూర్చున్న త్రిపురాంతకంగారి శ్రీమతిగారి వైపు, అత్తగారి వైపు, గణాంకాధికారి వైపు, వాళ్ళ పక్కనే అచ్చియ్యమ్మ వైపు, నా వైపు కూడా, వరసగా చూసింది. పెన్నుకి మూత పెట్టి త్రిపురాంతకంగారి చేతిలో పెట్టింది. మైకు ఆమె మూతి దగ్గరే ఉంది. ఊరంతటికీ వినబడింది.

"ఎక్కినోళ్ళ చేత పెట్టించుకోండి బాబూ సంతకం. నాకింకా డోరే తియ్యలేదు ఎవరూ."